తల తిరుగుడు తగ్గాలంటే తలను తిప్పాలి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆసుపత్రి నుంచి చిత్తూరు ఇంటికి చేరావనీ, వాంతులు ఆగాయనీ, అయినా దిండు మీద తల కదిపితే చాలు గోడలు కదిలినట్టే ఉందనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ చీటీలో డాక్టరుగారు వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అని రాశారట. పదకొండేళ్ల కిందట నా చీటీలోనూ అదే మాట రాశారు. నేను వైద్యురాలిని కాను. హైస్కూలులో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి, ఈ జబ్బున పడి లేచినదాన్ని. అప్పుడు నేను చేసిన ఒక పొరపాటు నీవు చేయకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మన వైపు ఎవరికి కళ్లు తిరిగినా ముందు పైత్యం అంటారు, తర్వాత బీపీ అంటారు, ఆ రెండూ కాకపోతే మెడ నరాలు అని పట్టీ కొని తెస్తారు. నీకు వచ్చింది వీటిలో ఏదీ కాదు. కర్ణభేరికి బాగా లోపల, కణత ఎముకలో తొలిచినట్టున్న చిన్న చోటులో లోపలి చెవి ఉంటుంది. అందులో నత్తగుల్లలాంటి భాగం వినడానికి. దాని పక్కనే ఉన్న మూడు అర్ధవర్తుల కుల్యలు తల ఎటు తిరుగుతోందో కనిపెట్టడానికి. వాటి మొదట్లో ఉన్న రెండు చిన్న సంచులలో సున్నపు స్ఫటికాలు ఉంటాయి, అవి తల వంగడాన్నీ ముందుకూ వెనక్కూ జరగడాన్నీ పసిగడతాయి. ఈ సమాచారమంతా ఎనిమిదో కపాల నాడి మీదుగా మెదడుకు చేరుతుంది. నీకు వాచింది ఆ నాడిలో సమతూకాన్ని మోసే పాయ. సాధారణంగా ఏదో వైరస్ వల్లనే ఇలా వాస్తుందని వైద్యులు భావిస్తారు, కొందరికి ముందు జలుబో జ్వరమో వచ్చిపోయి ఉంటుంది.

కాడికి కట్టిన రెండెడ్లను తలచుకో. రెండూ సమానంగా లాగినంతసేపు బండి తిన్నగా పోతుంది. ఎడమది హఠాత్తుగా నిలిచిపోతే కుడిది లాగుతూనే ఉంటుంది కాబట్టి బండి ఎడమకు తిరుగుతుంది. మన రెండు చెవులూ తల కదలనప్పుడు కూడా మెదడుకు సమానంగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఒక వైపు సంకేతం పడిపోగానే, పడుకున్న మనిషి గిర్రున తిరుగుతున్నాడని మెదడు పొరబడుతుంది. అందుకే ఈ జబ్బులో నడిచే మనిషి దెబ్బతిన్న చెవి వైపుకే తూలుతాడు. కనుగుడ్లు ఆ వైపుకే మెల్లగా జారి, చటుక్కున మంచి చెవి వైపుకు కొట్టుకుంటాయి. డాక్టరుగారు నీ కళ్లలోకి అంతసేపు చూసింది ఇందుకే.

వినికిడి సంగతి నీవు జాగ్రత్తగా గమనించుకోవాలి. సమతూకపు పాయ మాత్రమే వాస్తే వినికిడి మామూలుగానే ఉంటుంది. వాపు లోపలి చెవి మొత్తానికి పాకితే దాన్ని లేబిరింథైటిస్ అంటారు, అప్పుడు తల తిరగడంతో పాటు ఆ చెవిలో హోరు పుట్టి వినికిడి తగ్గుతుంది. ఫోను ఆ చెవికి పెట్టుకుని, తర్వాత రెండో చెవికి మార్చి చూసుకో. తేడా కనబడితే వారం ఆగుదామనుకోవద్దు, ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరును కలిసి ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష చేయించుకో. హఠాత్తుగా పోయిన వినికిడికి స్టెరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. చెవిలో చీము కారుతూ, జ్వరంతో తల తిరిగితే అది బాక్టీరియా పని కావచ్చు, ఆసుపత్రిలో చేరి మందు ఎక్కించుకోవలసిందే. నీకు చీము లేదు కాబట్టి యాంటీబయాటిక్ రాయలేదని మీ అమ్మ బాధపడటం అనవసరం, వైరస్ మీద అది పనిచేయదు.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, ఇంట్లో అందరికీ చదివి వినిపించు. మెదడు వెనుక భాగానికి రక్తం అందకపోయినా అచ్చం ఇలాగే తల తిరుగుతుంది. మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి లేదా మెడనొప్పి, పట్టుకున్నా నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా నిమ్మకాయ నీళ్లు కలుపుతూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి. పక్షవాతంలో గంటలు కాదు, నిమిషాలు లెక్క.

ఇక నా పొరపాటు. మొదటి మూడు రోజులు ప్రాణం పోయినంత పనైంది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని, మంచి చెవి దిండుకు ఆనేలా ఒత్తిగిలి, గోడ మీద ఒక్క మేకునే చూస్తూ పడుకున్నాను. ప్రోక్లోర్‌పెరజిన్ మాత్రలు ఇచ్చారు, వాంతులు కట్టాయి. చీటీలో స్పష్టంగా ఐదు రోజులే అని ఉంది. నేను ఆ పాత చీటీ పట్టుకుని వెళ్లి మందుల షాపులో అదే అట్ట మళ్లీ మళ్లీ తెచ్చుకుని నాలుగు నెలలు మింగాను. మాత్ర వేసుకుంటే నిద్ర, మానితే భయం. తల నిటారుగా పెట్టి, నీళ్ల బిందె మోస్తున్నదానిలా, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పి చూసేదాన్ని. నాలుగో నెలలో ఒక శనివారం పూజగదిలో దీపం వెలిగించి, చేతులు జోడించి కళ్లు మూసుకున్నాను. అంతే, కాళ్ల కింద నేల జారినట్టై ఎడమకు ఒరిగాను. భుజం తలుపు రెక్కకు తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే కొంగు కుందిలో పడేది.

మర్నాడు నేను వెళ్లి కలిసిన డాక్టరమ్మ నా మాత్రలు చూసి తల పట్టుకున్నారు. నాడి పూర్తిగా కోలుకోకపోయినా మెదడు ఆ తేడాకు అలవాటుపడి సర్దుకుంటుందనీ, అందుకు తల కదలాలనీ, తల తిరగాలనీ, ఆ తిరుగుడే దానికి పాఠమనీ ఆమె చెప్పారు. ఈ మాత్రలు తిరుగుడును అణచడంతో పాటు ఆ నేర్చుకోవడాన్ని కూడా అణచివేస్తాయి. పైగా ఎక్కువ కాలం వాడితే, ముఖ్యంగా పెద్దవాళ్లలో, చేతుల వణుకూ ఒళ్లు బిగుసుకుపోవడమూ రావచ్చు. తల తిరుగుడుకే ఇచ్చే సిన్నరిజిన్ అనే మరో మాత్ర సంగతీ అంతే. ఒక ఎద్దు తగ్గినా బండి తోలడం బండివాడు నేర్చుకుంటాడు, కానీ బండిని కొట్టంలో పెట్టి తలుపు వేస్తే ఎప్పటికీ నేర్చుకోడు. అందుచేత వాంతులు ఆగాయి కాబట్టి, ఆ మాత్రలు ఏ రోజు మానాలో డాక్టరుగారిని అడిగి, ఆ రోజు ఖాయంగా మానెయ్. స్టెరాయిడ్ రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపవద్దు, చెప్పినట్టే తగ్గించుకుంటూ పోవాలి. అది వాడినన్నాళ్లు మీ అమ్మ గ్లూకోమీటరుతో నీ షుగరు కూడా చూసుకో.

వ్యాయామం చాలా చిన్నది. మీ హాల్లో దేవస్థానం వారి క్యాలెండరు ఉందిగా, దానికి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చో. ఒక అంకె మీద చూపు నిలిపి, అంకె చెదరకుండా తలను ఎడమకూ కుడికీ, కాదు కాదు అన్నట్టు తిప్పు. తర్వాత అవును అన్నట్టు పైకీ కిందకీ. మొదట అర నిమిషం కూడా చేయలేవు, అంకె కిందకు జారిపోతుంది, కడుపులో తిప్పుతుంది. కాస్త తిరిగితేనే వ్యాయామం పనిచేస్తున్నట్టు, వాంతి వచ్చేంత చేస్తే ఎక్కువైనట్టు. రోజుకు మూడు నాలుగు సార్లు చేస్తూ, వారం గడిచాక నిలబడి, ఆ తర్వాత వరండాలో నడుస్తూ చెయ్యి. కూర్చుని లేవడం, వంగి నేల మీది చెంబు తీయడం, నిమ్మకాయను ఒక చేతినుంచి మరో చేతికి ఎగరేసి దాన్నే చూడటం, ఇవన్నీ ఆ కోవలోవే. 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కూక్సీ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన వ్యాయామాలకు ఇవి దగ్గరి చుట్టాలు. చాలామందికి ఆరు వారాల నుంచి మూడు నెలల్లో బాగా నెమ్మదిస్తుంది.

నిలబడటానికి మనిషికి మూడు ఆధారాలు: కన్ను, పాదం, చెవి. నీకిప్పుడు చెవి సగం పోయింది కాబట్టి, కరెంటు పోతే కన్ను ఆధారం కూడా పోయి పాదాల ఆధారంతోనే నిలబడాలి. దిండు కింద టార్చి పెట్టుకో, స్నానాల గదిలో తలంటుకునేటప్పుడు స్టూలు మీద కూర్చో, మిద్దె మీద పిట్టగోడ దగ్గరకు వెళ్లవద్దు. స్కూటరు తాళాలు మీ ఆయనకు ఇచ్చెయ్, తల చటుక్కున తిప్పినా చూపు చెదరదని తేలి, డాక్టరు సరేనన్నాక అడిగి తీసుకో. జనంలో, బట్టల దుకాణంలో, గోవిందరాజస్వామి గుడి ముందు వీధిలాంటి చోట్ల ఇంకొంతకాలం కళ్లు చెదురుతాయి, కంగారు పడవద్దు.

చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయనివ్వవద్దు. కర్ణభేరి దాటి అది వాపు దగ్గరకు చేరదు, భేరికి చిల్లు ఉంటే చేటు కూడా. చెవిలోకి చల్లని ద్రవం పోస్తే మంచి మనిషికే తల తిరుగుతుంది. రోగుల చెవులు కడుగుతూ, చన్నీళ్లకు కళ్లు ఒక వైపుకూ వేడినీళ్లకు మరో వైపుకూ కొట్టుకోవడం గమనించిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీకి ఈ సమతూకపు చెవి మీద చేసిన పనికే 1914 నోబెల్ బహుమతి దక్కింది. ఉప్పు మానమని ఎవరో చెప్పారట, అది మెనియర్స్ అనే వేరే జబ్బుకు చెప్పే పథ్యం. నీవు మజ్జిగలో ఉప్పు వేసుకునే తాగు.

నాకు ఏడాది తర్వాత మళ్లీ తిరిగింది. అయితే అది పక్క మీద ఎడమకు ఒత్తిగిలినప్పుడు మాత్రమే, అర నిమిషం తిరిగి ఆగేది. పాత జబ్బే తిరగబెట్టిందని ఏడ్చాను. అది వేరు. సంచిలోని స్ఫటికాలు ఊడి కుల్యలోకి జారాయి, న్యూరైటిస్ వచ్చిన చెవిలో ఇలా జరగడం మామూలేనట. డాక్టరమ్మ నన్ను బల్ల మీద వెనక్కి వాల్చి, కళ్లు చూసి ఏ చెవో తేల్చుకుని, తలను నాలుగు భంగిమల్లో నెమ్మదిగా తిప్పి కూర్చోబెట్టారు. ఎప్లీ పద్ధతి అంటారు, రెండుసార్లతో పోయింది. నీకూ అలా వస్తే మాత్రలు వద్దు, ఫోనులో వీడియో చూసి సొంతంగానూ వద్దు. ఏ చెవో పొరబడితే ఫలితం ఉండదు.

అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నావట. 3,550 మెట్లు ఎక్కడం కన్నా దిగడమే నీకు కష్టం, మూడు నెలలు ఆగు. ఈలోపు తిరుపతికి రావాలనిపిస్తే బస్సులో ముందు సీటులో కూర్చుని దూరంగా రోడ్డును చూస్తూ రా, ఫోను తీయవద్దు. నీవు వచ్చేసరికి ఆ పాత క్యాలెండరు వెతికి పెడతాను, నేను చూపు నిలిపిన పదిహేడు అంకె చుట్టూ పెన్సిలు గుర్తు ఇంకా ఉంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ