కంపాక్ట్ చేసిన మట్టికి స్టిఫ్‌నెస్ మోడల్ కట్టేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

మట్టి స్టిఫ్‌నెస్‌ను (ఆకారం మారకుండా అది ఎంత గట్టిగా నిలుస్తుందో) లెక్కించే సమీకరణం జోలికి వెళ్లేముందు శాంపిళ్ల సంగతి తేల్చుకో. బంకమట్టిని ఆప్టిమమ్ (మట్టి అన్నిటికంటే దట్టంగా కుదురుకునే తేమ) కంటే తక్కువ తేమలో దట్టిస్తే గడ్డలు గడ్డలుగా మిగులుతుంది. గడ్డల మధ్య పెద్ద రంధ్రాలు, లోపల సన్న రంధ్రాలు. ఎక్కువ తేమలో దట్టిస్తే గడ్డలు నలిగి కలిసిపోతాయి. ఆ తర్వాత డ్రై డెన్సిటీ, తేమ రెండిట్లోనూ సమానం చేసినా అవి వేర్వేరు మట్టులే. వాటి పాయింట్లను ఒకే గీతలోకి నెట్టకు.

సక్షన్ (ఆరిన మట్టి నీటిని లాక్కునే బలం) కొలవడానికి వాట్‌మన్ 42 ఫిల్టర్ పేపర్ పనికొస్తుంది. ఉష్ణోగ్రత మారని చోట కనీసం 7 రోజులు సీలు చేసి ఉంచాలి. మూడు కాగితాలు పెట్టు. బయటి రెండూ మట్టి అంటకుండా కాపలాకే, తూచేది మధ్యది; అది పీల్చిన నీటిని బట్టే సక్షన్ తెలుస్తుంది. కాగితాలు మట్టికి బాగా ఆనకపోతే నీరు ఆవిరిగానే చేరుతుంది. అప్పుడు నువ్వు కొలిచింది మ్యాట్రిక్ సక్షన్ (రంధ్రాల వల్ల వచ్చేది) కాదు, టోటల్ సక్షన్ (నీటిలోని లవణాల ప్రభావం కూడా కలిసినది).

బెండర్ ఎలిమెంట్‌తో (శాంపిల్ రెండు చివర్లలో గుచ్చి తరంగాన్ని పంపే, అందుకునే చిన్న పలకలు) షియర్ తరంగ వేగం తీసేటప్పుడు దూరాన్ని పలక కొన నుంచి పలక కొనకు లెక్కించు. మాడ్యులస్‌లో (స్టిఫ్‌నెస్‌ను చెప్పే సంఖ్య) వేగం వర్గంగా వస్తుంది కాబట్టి సమయం 5 శాతం తప్పితే జవాబు దాదాపు 10 శాతం తప్పుతుంది. శాంపిల్ ఆరి కుంచించుకుంటే బెండర్ చుట్టూ సందు ఏర్పడి సిగ్నల్ బలహీనపడుతుంది. తరంగం మొదటి రాక ఆలస్యంగా కనబడి, మట్టి మెత్తబడిందని పొరబడతావు. ప్రతి దశలోనూ ఘనపరిమాణం కొలువు. వాయిడ్ రేషియో (రంధ్రాల ఘనపరిమాణానికీ మట్టి కణాల ఘనపరిమాణానికీ నిష్పత్తి) మారుతుంటే మొదటి విలువనే మోడల్‌లో పెట్టడం సరికాదు.

ఇక మోడల్. స్థిరాంకం, వాయిడ్ రేషియో ఫంక్షన్, ఎఫెక్టివ్ స్ట్రెస్‌కి (మట్టి కణాలు నిజంగా మోసే ఒత్తిడి) సుమారు 0.5 ఘాతం, ఈ మూడింటి లబ్ధంతో మొదలుపెట్టు. చిక్కంతా ఎఫెక్టివ్ స్ట్రెస్‌లోనే. బిషప్ గుణకం (సక్షన్‌లో ఎంత వంతు ఎఫెక్టివ్ స్ట్రెస్‌లో చేరుతుందో చెప్పేది) బదులు శాచురేషన్‌ను (రంధ్రాల్లో నీరు నిండిన వంతు) నేరుగా పెట్టేయడం అందరికీ అలవాటు. ఒక లెక్క చూడు. నెట్ స్ట్రెస్ (బయటి ఒత్తిడిలోంచి రంధ్రాల్లోని గాలి ఒత్తిడి తీసేసింది) 50, సక్షన్ 400 కిలోపాస్కల్, శాచురేషన్ 0.6 అనుకో. నేరుగా పెడితే 50 + 240 = 290. బంకమట్టిలో చాలా నీరు సన్న రంధ్రాల్లో ఇరుక్కుని, గడ్డలను ఒకదానికొకటి బిగించడానికి అక్కరకు రాదు. అందుకని శాచురేషన్‌కి 3 ఘాతం ఇస్తే మొత్తం 136 దగ్గర ఆగుతుంది. 0.5 ఘాతం వేశాక మొదటి పద్ధతి మాడ్యులస్‌ను రెండోదానికంటే సుమారు 46 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఆ ఘాతం మట్టిని బట్టి మారుతుంది, నీ డేటా నుంచే తియ్యి. ఇసుకకు పెద్దగా అవసరం పడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఆరబెట్టి మళ్లీ తడిపే దారి. అదే సక్షన్ దగ్గర తడిపే దారిలో శాచురేషన్ తక్కువ. అయినా చాలా కంపాక్ట్ చేసిన మట్టుల్లో స్టిఫ్‌నెస్ అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆరేటప్పుడు మట్టి తిరిగిరాని విధంగా బిగుసుకుంది. శాచురేషన్, సక్షన్ లబ్ధం ఒక్కటే ఉన్న మోడల్ ఇక్కడ తలకిందుల జవాబిస్తుంది. ఆ బిగుతును లెక్కలోకి తెచ్చే హార్డెనింగ్ పదం కలపక తప్పదు.

మిగతా స్థిరాంకాలన్నీ ఆరబెట్టిన డేటాతోనే తేల్చు, హార్డెనింగ్‌ది ఒక్క తడిపే దారితో. ఫిట్టింగ్‌కి వాడని ఇంకో తడిపే దారిని మోడల్‌తో ముందే చెప్పించి, కొలతల పక్కన గీసి నాకు పంపు. ప్రతి పాయింట్‌కీ వాయిడ్ రేషియో, శాచురేషన్ పట్టికగా జతచేయడం మరవకు.