చిత్తడి నేలల మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. చిత్తడి నేలల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మందుల కంపెనీల్లో ఉద్యోగం దొరికే చదువు చదివి బురదలో తిరగడమేమిటని మా ఆవిడ బాధ. అది మరీ చిన్న సబ్జెక్టేమో, తర్వాత ఎటూ కదలలేదేమో అని నా టెన్షన్. మా అమ్మాయికి ఏం చెప్పమంటారు?

జవాబు: బురద సంగతి ముందే ఒప్పేసుకుందామండీ. తిరగాల్సిందే. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి నేలలోంచి పొడవాటి మట్టి కోర్ (స్తంభంలా తీసే మట్టి నమూనా) బయటికి లాగడం, గాలి తగిలి దాని కెమిస్ట్రీ మారిపోకముందే సీల్ చేసి ల్యాబ్‌కు చేర్చడం ఆ పనిలో భాగం. అయితే రోజూ అదే పని కాదు. ఒకసారి తెచ్చిన శాంపిళ్ల మీద నెలల తరబడి ల్యాబ్‌లో పని ఉంటుంది, ఆ తర్వాత డేటాతో కుస్తీ, పేపర్లు రాయడం. బురద కంటే ఈ రాయడం దగ్గరే ఎక్కువమంది నీరసపడతారు.

ఇక చదివిన కెమిస్ట్రీ వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు. చిత్తడి నేలను చిత్తడి నేలగా చేసేదే కెమిస్ట్రీ. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుకే నేల నీటితో నిండగానే లోపలున్న కాస్త ఆక్సిజన్‌నూ సూక్ష్మజీవులు త్వరగా వాడేస్తాయి. ఊపిరి తీసుకోవడానికి దాని బదులు నైట్రేట్‌ను పట్టుకుంటాయి. అదీ అయిపోతే మాంగనీస్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్. ఇవన్నీ తరిగిపోయాక మీథేన్ తయారయ్యే దశ వస్తుంది. ఈ మార్పులు కంటికి, ముక్కుకు కూడా తెలుస్తాయి. ఎర్రని ఇనుము కరిగి వెళ్లిపోతే నేల బూడిద రంగుకు తిరుగుతుంది. వేర్ల వెంట ఆక్సిజన్ దిగిన చోట మాత్రం తుప్పు రంగు చారలు కనిపిస్తాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే సల్ఫేట్ దశ నడుస్తున్నట్టు. చేయి తిరిగినవాళ్లు నేల రంగును పోల్చి చూసే మన్సెల్ రంగుల చార్టు పక్కన పెట్టుకుని, ఒక మట్టి గడ్డను చూసి అక్కడ నీళ్లు ఏ లోతులో నిలుస్తాయో అంచనా కడతారు. ఐరన్ ఆక్సైడ్ పెయింట్ వేసిన ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలో దింపి, కొన్ని వారాలయ్యాక పైకి తీసి, పెయింట్ ఎక్కడ పోయిందో చూసే పద్ధతి ఒకటుంది. పెయింట్ పోయిన చోట ఆక్సిజన్ లేదన్నమాట. ఇంత తక్కువ ఖర్చులో ఇంత చెప్పే పరికరం నాకు మహా ముచ్చట.

సబ్జెక్టు చిన్నదేమో అన్నారు. నీటిలో సరిగా కుళ్లని మొక్కల అవశేషాలు పొరలుగా పేరుకున్న నేలలను పీట్ నేలలంటారు. ప్రపంచ భూభాగంలో అవి 3 శాతమే, కానీ అడవుల్లోని చెట్లన్నిటిలో ఉన్న కార్బన్ కంటే వాటిలో ఉన్నదే ఎక్కువ. వాటిని ఎండబెడితే ఆ కార్బన్ గాలిలోకి వెళ్లడం మొదలవుతుంది. అందుకే దేశాలు చిత్తడి నేలల ఉద్గారాలను ఎలా లెక్కగట్టాలో చెప్పే ప్రత్యేక మార్గదర్శకాలను వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం ఐపీసీసీ 2013లో తెచ్చింది. ఆ లెక్కలు కట్టడానికి నేలను కొలిచే మనుషులు కావాలి. సముద్ర తీరపు చిత్తడి నేలల్లో మరో చిక్కు ఉంది. కొన్నిచోట్ల అడుగున పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. కాలువలు తవ్వి నీళ్లు తీసేస్తే దానికి గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. పంటలు, చేపలు దెబ్బతింటాయి. రోడ్డో, రేవో, రొయ్యల చెరువో కట్టేముందు ఈ సంగతి చెప్పగలిగేది నేల శాస్త్రవేత్తే. అమెరికాలో ఒక స్థలం చట్టం ప్రకారం చిత్తడి నేల అవునా కాదా అని తేల్చడానికి నీరు, మొక్కలతోపాటు నేలనూ పరీక్షిస్తారు. దీని మీదే బతికే కన్సల్టెన్సీలు అక్కడ చాలా ఉన్నాయి.

వరి మడి కూడా ఏడాదిలో కొన్ని నెలలు చిత్తడి నేలే. నీట మునిగిన నేలల కెమిస్ట్రీకి పునాది పత్రంగా ఇప్పటికీ చెప్పుకునేదాన్ని 1972లో రాసింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన శ్రీలంక శాస్త్రవేత్త ఫెలిక్స్ పొన్నంపెరుమ. అంటే మడ అడవిలో నేర్చుకున్నది వరి పరిశోధనలోనూ పనికొస్తుంది. మురుగునీటిని శుద్ధి చేయడానికి కట్టే కృత్రిమ చిత్తడుల్లోనూ అంతే.

కానీ ఓపిక లేనివాళ్లకు ఇది పడదు. మధ్య ఆఫ్రికాలో కాంగో నది పరీవాహక ప్రాంతంలోని పీట్ సంగతి చూడండి. గ్రెటా డార్గీ అనే పీహెచ్‌డీ విద్యార్థిని తన గైడ్ సైమన్ లూయిస్, స్థానిక శాస్త్రవేత్తలతో కలిసి 2012లో అక్కడ ఫీల్డ్ వర్క్ మొదలుపెట్టారు. ఫలితాలు 2017లో వచ్చాయి: సుమారు 1,45,500 చదరపు కిలోమీటర్ల పీట్, అందులో దాదాపు 3,000 కోట్ల టన్నుల కార్బన్. ఉష్ణమండలంలోనే అతిపెద్ద పీట్ భూమిగా అది అప్పుడు లెక్కలోకి వచ్చింది. అందరికీ ఇలాంటి థీసిస్ దొరకదు లెండి. ఎక్కువమందికి ఒకే చిత్తడిలో, ఒకే ప్రశ్న మీద ఏళ్లు గడుస్తాయి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తాను. శాశ్వత పరిశోధన ఉద్యోగాలు ఎక్కడైనా తక్కువే. పీహెచ్‌డీ తర్వాత ఒకటి రెండు పోస్ట్‌డాక్‌లు, అంటే కొన్నేళ్లు కాంట్రాక్టు బతుకు, ఊళ్లు మారడం తప్పకపోవచ్చు. ఆ కాలంలో ఇంటి నుంచి "ఇంకా సెటిల్ కాలేదా" అన్న మాట వినిపించకుండా ఉండటమే మీరిద్దరూ చేయగలిగే పెద్ద సాయం.

నా సలహా ఒక్కటే. మీ అమ్మాయిని "చిత్తడి నేలల నిపుణురాలు" అన్న పేరు కోసం వెళ్లొద్దనండి. ఆ పేరుతో ప్రకటనలు అరుదు. ముందు గట్టి నేల రసాయన శాస్త్రవేత్త కావాలి. రెడాక్స్ కొలతలు (నేలలో ఆక్సిజన్ కొరత ఏ దశలో ఉందో చెప్పేవి), గ్యాస్ క్రోమటోగ్రఫీ (వాయువులను విడదీసి కొలిచే పద్ధతి), స్టాటిస్టిక్స్, కాస్త జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపుల పని) చేతిలో ఉంటే నీటి నాణ్యత, వ్యవసాయం, కార్బన్ లెక్కలు, కాలుష్య నివారణ, ఎటైనా మళ్లొచ్చు. కెమిస్ట్రీ నుంచి వస్తోంది కాబట్టి నేలల పుట్టుక, వర్గీకరణ, సూక్ష్మజీవుల శాస్త్రం కొత్తగా చదువుకోవాలి. పీహెచ్‌డీలో చేరేముందు అలాంటి ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా ఒక వానాకాలం, ఒక ఎండాకాలం పనిచేస్తే ఇది తనకు పడుతుందో లేదో తనకే తెలిసిపోతుంది. పక్షుల మీదో ప్రకృతి మీదో ఇష్టంతో మాత్రమే ఇటు వస్తుంటే, ఆ ఏడాదిలోనే అది బయటపడుతుంది.

విశ్వవిద్యాలయం పేరు కంటే గైడ్ ముఖ్యం. అమెరికాలోని లూసియానాలో నీట మునిగిన నేలల మీద పనిచేసిన విలియం ప్యాట్రిక్ దగ్గర చదివిన కె. రమేష్ రెడ్డి, తర్వాత ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ చిత్తడుల్లోకి చేరే ఫాస్ఫరస్ మీద దశాబ్దాలు పనిచేసి తన ల్యాబ్‌లో మరో తరాన్ని తయారుచేశారు. ఈ రంగంలో పని ఎక్కువగా ఇలా చేతి నుంచి చేతికే వస్తుంది. కాబట్టి గైడ్‌ను అడగాల్సినవి మొహమాటం లేకుండా అడగమనండి: ఇంతకుముందు మీ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఫీల్డ్ సైట్ సొంతమా, ప్రాజెక్టు అయిపోగానే పోయేదా? అక్కడ పాత డేటా ఎన్నేళ్లది ఉంది? ఫీల్డుకు ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదన్న నియమం ఉందా? వాహనం, బస, ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఎవరివి? ఈ చివరి రెండింటికీ సరైన జవాబు రాకపోతే, గైడ్‌కు ఎంత పేరున్నా వేరే ల్యాబ్ చూసుకోమనండి.