వరద వార్తతో మొదలుపెట్టు

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు కేంద్ర ప్రభుత్వ కొలువుల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కీ, బ్యాంకు క్లర్కు పరీక్షకీ కలిపి చదువుతున్నావనీ, ఇంగ్లీషు మాటల కోసం లాంగ్ నోటుబుక్కు పెట్టి ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క తెలుగు అర్థం రోజుకి యాభై చొప్పున రాస్తున్నావనీ చెప్పాడు. పుస్తకం నిండుతోంది గానీ మాక్ టెస్టులో మార్కులు కదలడం లేదట. కదలవమ్మా. ఆ పేజీ తిరగేసినప్పుడల్లా రెండు పక్కలూ కంటికి ఆనతాయి కాబట్టి అన్నీ వచ్చేసినట్టే అనిపిస్తుంది. పరీక్ష హాల్లో కుడిపక్క ఉండదు.

అసలు వాళ్లేం అడుగుతారో ముందు చూడు. సీజీఎల్ మొదటి దశ, అంటే టైర్-1లో ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. టైర్-2లో 45 ప్రశ్నలు, 135 మార్కులు, అక్కడ తప్పుకి ఒక మార్కు పోతుంది. సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు, ఇడియమ్స్, స్పెల్లింగు నేరుగానే అడుగుతారు. బ్యాంకు మొదటి దశ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకి ఇరవై నిమిషాల్లో 30 ప్రశ్నలు. అక్కడ అర్థం నేరుగా అడగడం తక్కువ, ఖాళీలో ఏ మాట ఇముడుతుందన్నదే ఎక్కువ. రైల్వే ఉద్యోగాల పరీక్ష ఎన్‌టీపీసీకి కూడా ఫారం కట్టావట. అందులో ఇంగ్లీషు విభాగమే లేదు, దాని బెంగ ఇక్కడికి తేకు.

కాబట్టి మాటని ఒంటరిగా పట్టుకోకు, వాక్యంతో సహా పట్టుకో. ఎలాగంటావా? పొద్దున్నే తెలుగు పేపర్లో చదివిన వార్తనే ఆ తర్వాత ఇంగ్లీషు పేపర్లో చదువు. ఈ క్రమం ముఖ్యం. సంగతి ముందే తెలుసు కాబట్టి తెలియని మాట దానంతట అదే అర్థాన్ని బయటపెడుతుంది. మన దగ్గర దీనికి వరద వార్తని మించింది లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. అదే వార్త ఇంగ్లీషులో వచ్చినప్పుడు 'లో-లయింగ్ విలేజెస్ వర్ ఇనండేటెడ్' అని ఉంటే డిక్షనరీ తీయక్కర్లేదు, పల్లపు ఊళ్లు మునిగాయనేగా. చుట్టూ నీళ్లు చేరి లంక తెగిపోతే 'మెరూన్డ్'. గట్టుకి గండిపడితే 'బ్రీచ్'. జనాన్ని శిబిరాలకి తరలిస్తే 'ఇవాక్యుయేటెడ్'. వరద తీస్తే 'రిసీడెడ్'. ఒక్క వార్తలో అయిదారు మాటలు, అన్నీ కళ్లారా చూసినవే.

అక్కడితో ఆగితే సగం పనే. ఆ మాట వరద లేని చోట ఏం చేస్తుందో కూడా చూడాలి, ఎందుకంటే పరీక్షలో గోదావరి రాదు. బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్ అంటారు. ఆఫీసుకి ఫిర్యాదులు వెల్లువెత్తితే 'ఇనండేటెడ్ విత్ కంప్లైంట్స్'. నుదుటి మీద జుట్టు వెనక్కి పోతుంటే 'రిసీడింగ్ హెయిర్‌లైన్', అది మీ నాన్నకి ఉంది, చూసి గుర్తుపెట్టుకో. ఇంగ్లీషు-ఇంగ్లీషు డిక్షనరీ ఇక్కడ పనికొస్తుంది, అర్థం కోసం కన్నా కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాల కోసం. తెలుగు అర్థం రాసుకోవద్దనను. ఒక్క తెలుగు మాటతో తేలిపోయేది రాసుకో, తేలనిది వాక్యంగానే రాసుకో.

మాట వెనకాల వచ్చే తోక కూడా కలిపే నేర్చుకోవాలి. నేరవార్తల్లో చూడు, అక్యూజ్డ్ తర్వాత 'ఆఫ్' వస్తుంది, చార్జ్డ్ తర్వాత 'విత్'. డిస్కస్ తర్వాత 'అబౌట్' రాదు, మనవాళ్లు నూటికి తొంభైమంది పెడతారు. కోప్‌కి 'విత్' చాలు, మధ్యలో 'అప్' అక్కర్లేదు. తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ఇవే వస్తాయి.

ఇక గుర్తుండటం సంగతి. 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టాడు. మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోతుందనీ, మధ్యమధ్య విరామం ఇచ్చి తిరిగి చదివితే నిలుస్తుందనీ తేల్చాడు. నువ్వు చేయాల్సింది ఇది. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, వాటి ఖాళీ పక్క చీటీలుగా కత్తిరించు. ఒక వైపు వాక్యం రాసి మాట దగ్గర గీత పెట్టు, రెండో వైపు ఆ మాట. ఆత్రేయపురం పూతరేకుల అట్టపెట్టె ఒకటి తీసుకుని అట్టముక్కలతో మూడు అరలు చెయ్యి. మొదటి అరలోని చీటీలు రోజూ చూడు, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. చెప్పగలిగిన చీటీ తర్వాతి అరకి వెళ్తుంది, తప్పిన చీటీ ఎక్కడున్నా సరే మొదటి అరకి రావాలి. మనసులో చెప్పేశాక గానీ చీటీ తిప్పకూడదు. ముందే తిప్పి చూసి "ఆ, నాకు తెలుసు" అనుకుంటే మళ్లీ ఆ నోటుబుక్కు దగ్గరికే వచ్చినట్టు. రోజుకి కొత్తవి పది చాలు. కాలేజీకి వెళ్లేటప్పుడు సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు కోసం ఎలాగూ నిలబడతావు, ఆ కాస్సేపు చాలు మొదటి అరకి. ఫోన్లో ఇదే పని చేసే యాప్‌లున్నాయి, వాడితే వాడు. నాకైతే ఫోన్ తీసినవాళ్లు చీటీల దగ్గర ఆగుతారని నమ్మకం లేదు. రోజుకో మాట అంటూ వాట్సాప్‌లో తిరిగేవి మాత్రం వదిలెయ్. పండితులు కూడా వాడని మాటలు ఏరి పంపుతారు.

స్పెల్లింగు మాత్రం చేత్తో రాస్తేనే వస్తుంది. మనం పలికినట్టు రాసేవాళ్లం, వాళ్లు కాదు. ఎంబరాస్‌లో ఆర్ రెండు, ఎస్ రెండు. హరాస్‌లో ఆర్ ఒక్కటే, ఎస్ రెండు. అకామడేషన్‌లో సీ రెండు, ఎమ్ రెండు. తప్పినవి పది పదిహేను కలిపి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు.

మాటల మూలాలు పట్టుకోమని కోచింగులో చెబుతారు. మంచిదే. పి.గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు, అదే కాలవ నీళ్లని నది మీదుగా దాటించే వంతెన, దాని మీదుగా వెళ్లావుగా, ఆక్వా అంటే నీరు, డక్ట్ అంటే నడిపించేది. అక్కడినుంచి కండక్ట్, ఇండక్ట్, అబ్‌డక్ట్ ఒక వరసలో వస్తాయి. కానీ మూలం ఊహకి దారి చూపేదే తప్ప జవాబు కాదు. ఒక్క మూలాన్ని నమ్ముకుని ఆప్షన్ టిక్కు పెట్టకు.

ఇడియమ్స్, ఒక వాక్యానికి బదులు ఒక్కమాట అడిగేవి మాత్రం పాత పేపర్ల నుంచే చదువు. అవే అవే తిరిగి వస్తుంటాయి. ప్రశ్న చేసి వదిలెయ్యకుండా మిగతా మూడు ఆప్షన్ల అర్థం కూడా చూడు, వచ్చేసారి వాటిలో ఒకటి ప్రశ్నవుతుంది. వ్యతిరేకార్థం అడిగి ఆప్షన్లలో సమానార్థం కూడా పెడతారు, హడావిడిలో దాన్నే పెట్టేస్తారు పిల్లలు. 'యాంటనిమ్' అన్న మాట కనబడగానే పెన్నుతో రఫ్ కాగితం మీద 'ఏ' అని వేసుకో. నాలుగింటిలో రెండు కొట్టెయ్యగలిగితే ధైర్యంగా పెట్టు, టైర్-1లో సరైనదానికి రెండు మార్కులు, తప్పుకి పోయేది అర మార్కే.

సీజీఎల్ పాత పేపర్ల జిరాక్సులు రాజోలు వచ్చే కుర్రాడిచేత పంపిస్తున్నాను. మొదటి సెట్టుకి జవాబుల కాగితం తీసి దాచేశాను. నువ్వు చేసి మార్కులు ఫోన్లో చెప్పు, అప్పుడు పంపిస్తాను.

ఇట్లు,
పెదనాన్న