ఇంటి పనుల కోసం మనిషి ఆకారంలో తయారుచేసిన నియో రోబో ఆ పనులన్నీ తనంతట తానే చేసేస్తుందా?

లేదండి, అన్నీ చేయదు. తలుపు తీయడం, వస్తువు తెచ్చివ్వడం, లైట్లు ఆపడం లాంటివి సొంతంగా చేస్తుందని దాన్ని తయారుచేసే వన్‌ఎక్స్ కంపెనీ చెప్తోంది, దానికింకా రాని పనైతే మాత్రం కంపెనీ మనిషి ఎక్కడో కూర్చుని వీఆర్ హెడ్‌సెట్ (రోబో కెమెరాకి కనిపించేది కళ్ల ముందు చూపించే పరికరం) పెట్టుకుని దాని చేతులు నడిపిస్తాడు.

ఎందుకంటే ఇల్లు ఫ్యాక్టరీ కాదు. ఫ్యాక్టరీలో అదే పార్టు అదే చోటికి వస్తుంది, ఇంట్లో గ్లాసు ఇవాళ సింక్‌లో ఉంటే రేపు మంచం కింద ఉంటుంది. చాట్‌బాట్‌కి నేర్పడానికి నెట్ నిండా రాతలున్నాయి గానీ సబ్బు చేతికి జారిపోయే గ్లాసుని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే డేటా నెట్‌లో దొరకదు కదా, అందుకే మనిషి నడిపించినప్పుడు రికార్డయ్యే కదలికలతో కూడా రోబోకి ట్రైనింగ్ ఇస్తారు.

ఉదాహరణకి, 2025 అక్టోబర్‌లో 20,000 డాలర్ల ధరతో అమెరికాలో బుకింగ్స్ మొదలైనప్పుడు ఒక జర్నలిస్ట్ టెస్ట్ చేస్తే, డిష్‌వాషర్‌లో మూడు సామాన్లు పెట్టడానికి దాదాపు 5 నిమిషాలు పట్టింది, అదీ వెనక మనిషి నడిపిస్తుంటేనే.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, 24 గంటలూ ఎవరో రోబో కెమెరాలోంచి చూస్తూనే ఉంటారని అనుకుంటారు. కంపెనీ చెప్పేదాని ప్రకారం ఓనర్ టైమ్ ఇచ్చి ఒప్పుకుంటేనే ఆపరేటర్ కనెక్ట్ అవుతాడు, మనుషుల్ని బ్లర్ చేయొచ్చు, ఫలానా గదిలోకి వెళ్లకుండా ఆపొచ్చు. అయినా ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ సెట్టింగ్స్ అన్నీ ముందే దగ్గరుండి చూసుకోవాల్సిందే.