వేలంలో ఇల్లు పాడుకున్నాం, తాళం చెవి మాత్రం రాలేదు

ప్రశ్న: గుంటూరులో బ్యాంకు ఈ-వేలంలో పెట్టిన రెండంతస్తుల ఇంటిని ఎనిమిది నెలల కిందట 46 లక్షలకు పాడుకున్నాను. డబ్బు మొత్తం కట్టాను, సేల్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తీరా వెళ్తే పై వాటాకు పాత యజమాని తాళం ఉంది. కింది వాటాలో ఒకాయన అద్దెకుంటూ, అయిదేళ్ల లీజు ఉందని స్టాంపు కాగితం చూపిస్తున్నారు. పాత యజమాని డీఆర్‌టీలో (బ్యాంకు బాకీల వివాదాలు విచారించే ట్రిబ్యునల్) కేసు వేశారట. పై వాటాకు కరెంటు అడిగితే పాత బకాయి 61 వేలు కట్టమన్నారు. బ్యాంకువాళ్లేమో 'ఉన్నది ఉన్నట్టు కొన్నారు కదా' అంటున్నారు. ఇక్కడ అద్దె, అక్కడ ఈఎంఐ కట్టలేక నలిగిపోతున్నాం. తాళం పగలగొట్టి లోపలికి వెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. ఆ తాళం మీద చెయ్యి వెయ్యకండి. కింద ఆయనకు నీళ్లు, కరెంటు ఆపే పని కూడా చెయ్యకండి. ఇలాగే విసిగిపోయి తాళం పగలగొట్టిన కక్షిదారు ఒకరు నా దగ్గరకు వచ్చారు. మర్నాడే పాత యజమాని, బీరువాలో పెట్టిన బంగారం పోయిందని ఫిర్యాదు ఇచ్చాడు. ఇల్లు కొన్న మనిషి ఏడాదిపాటు స్టేషన్ చుట్టూ తిరిగాడు. మీ బాధ నాకు అర్థమవుతోంది, కానీ మీ చేతిలో ఉన్న బలమైన కేసును మీరే పాడు చేసుకోవద్దు.

ఇప్పుడు వేలం ప్రకటన కాగితం బయటికి తీయండి. అందులో స్వాధీనం ఎలాంటిదో ఒక గడిలో రాసి ఉంటుంది: 'సింబాలిక్' అనో, 'ఫిజికల్' అనో. సింబాలిక్ అంటే బ్యాంకు అధికారి వచ్చి తలుపుకు నోటీసు అంటించి, రెండు పత్రికల్లో ప్రకటన ఇచ్చారని మాత్రమే. ఇల్లు ఖాళీ కాలేదు, తాళం చెవి బ్యాంకు దగ్గర లేదు. మీ ఇంటిదీ అదే సంగతి అయి ఉండాలి. చాలామంది ఈ ఒక్క గడి చదవకుండానే ధర చూసి పాడేస్తారు.

అంతమాత్రాన బ్యాంకు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. బాకీ కట్టనివారి తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్ముకోవడానికి వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం సెక్షన్ 14 కింద కలెక్టరుకు గానీ, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకు గానీ దరఖాస్తు పెట్టి, పోలీసుల సాయంతో ఇల్లు ఖాళీ చేయించి మీకు అప్పగించాలి. అమ్మకం అయిపోయింది కాబట్టి ఇక సెక్షన్ 14 దారి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సింబాలిక్ స్వాధీనంతో అమ్మేశాక కూడా బ్యాంకు ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చని 2018లో బ్లూ కోస్ట్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దరఖాస్తు పెట్టగలిగేది బ్యాంకే, మీరు కాదు. అందుకే బ్యాంకును వదలకూడదు. 30 రోజుల్లో, మహా అయితే 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ గడువు దాటినంత మాత్రాన అధికారం పోదని 2020లో సుప్రీంకోర్టే అంది కనుక ఆలస్యాలు తప్పవు. ఉత్తర్వు వచ్చాక సాధారణంగా అడ్వకేట్ కమిషనర్ పోలీసులతో వచ్చి, పంచనామా రాసి, లోపలి సామాన్లకు జాబితా కట్టి తాళం తీయిస్తారు. అలా తీసిన తాళానికి మీ మీద బంగారం కేసు పెట్టడం ఎవరికైనా కష్టం.

అద్దెకున్నాయన స్టాంపు కాగితాన్ని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. వెండార్ అమ్మిన తేదీ, ఎవరి పేరున అమ్మాడన్నది అక్కడ ఉంటాయి. వీలైతే రెండువైపులా ఫోటో తీసుకోండి. అప్పు తీసుకున్నవారికి బాకీ కట్టమంటూ బ్యాంకు ఇచ్చే సెక్షన్ 13(2) నోటీసు అందాక, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లు లీజుకు ఇవ్వడానికి లేదు. పైగా ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) ఆ లీజు కనిపించకపోతే, అయిదేళ్లు ఉంటానన్న వాదన నిలబడదు. అయితే ఆయన నిజంగానే ఆ నోటీసుకు ముందునుంచీ అద్దె కడుతున్న మనిషై ఉండొచ్చు. అలాంటప్పుడు ఆయన హక్కు తేల్చాల్సింది డీఆర్‌టీ, సెక్షన్ 17(4ఎ) కింద. ఆయన కూడా తన డిపాజిట్ పోతుందన్న భయంలో ఉంటారు. మర్యాదగా కూర్చుని మాట్లాడితే రెండు మూడు నెలల గడువుతో ఖాళీ చేసినవారిని చూశాను.

మీరు అసలు జాగ్రత్తపడాల్సింది డీఆర్‌టీ కేసు దగ్గర. ఎందుకంటే అక్కడ బ్యాంకు చేసిన తప్పు మీ మెడకు చుట్టుకుంటుంది. వేలానికి 30 రోజుల ముందు అప్పుదారుకు నోటీసు ఇచ్చారా? రెండు పత్రికల్లో, అందులో ఒకటి తెలుగు పత్రికగా, ప్రకటన వేశారా? ఇలాంటివి సరిగ్గా లేకపోతే అమ్మకమే రద్దు కావచ్చు. అప్పుడు డబ్బు వెనక్కి వస్తుంది గానీ మీరు పోగొట్టుకున్న కాలం రాదు. కాబట్టి కేసు నంబరు కనుక్కుని, మిమ్మల్ని పార్టీగా చేర్చకపోతే చేర్చమని వెంటనే పిటిషన్ వేయించండి. స్టే ఉందో లేదో చూడండి. స్టే లేకపోతే, కేసు నడుస్తోందన్న సాకుతో బ్యాంకు స్వాధీనం ఆపడానికి లేదు. 'ఇప్పుడు బాకీ కట్టేస్తా, ఇల్లు ఇచ్చేయండి' అని పాత యజమాని అడిగే అవకాశమైతే, 2016 సవరణ తర్వాత, వేలం ప్రకటన పత్రికలో పడిన రోజుతోనే ముగిసిపోతుంది. 2023 సెప్టెంబరులో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం గట్టిగా చెప్పింది.

కరెంటు బకాయి విషయంలో మాత్రం మీకు నచ్చని జవాబే చెప్పాలి. నియమాల్లో వీలుంటే పాత బకాయిని కొత్త యజమాని నుంచి అడగవచ్చని 2023 మేలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బ్యాంకు అంటున్న 'ఉన్నది ఉన్నట్టు' షరతు ఇక్కడ పనికొస్తుంది, స్వాధీనం దగ్గర కాదు. అసలు ఎంత, సర్‌చార్జీ ఎంత అని విడివిడిగా లెక్క రాసిమ్మనండి. సర్‌చార్జీ తగ్గించమని అర్జీ పెట్టండి. మిగిలింది నిరసన తెలుపుతూ కట్టి రసీదు దాచుకోండి, బ్యాంకు నుంచి అడగడానికి అది ఆధారం. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలూ ఇప్పుడే మునిసిపాలిటీలో కనుక్కోండి.

ఇంకా వేలం పాడని పాఠకులకు ఒక్క మాట: పాట మీకు ఖాయమైతే 25 శాతం ఆ రోజో మర్నాటి పనిదినానో కట్టాలి, మిగతాది 15 రోజుల్లో. గడువు పెంచితే మొత్తం మూడు నెలలు మించకూడదు. లోన్ రాలేదని ఆగిపోతే ఆ 25 శాతం జప్తు అవుతుంది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా.

మీరు ఈ వారమే బ్యాంకు ఆథరైజ్డ్ ఆఫీసరు పేరున స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. సేల్ సర్టిఫికెట్ నకలు జతచేసి, సెక్షన్ 14 దరఖాస్తు వేశారా, వేస్తే నంబరు ఎంత, వెయ్యకపోతే ఎప్పుడు వేస్తారు అని అడగండి. 15 రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే, అది ప్రభుత్వ రంగ బ్యాంకైతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఆ రోజు న్యాయమూర్తి ముందుగా చూసేది ఈ ఉత్తరం అందినట్టు చూపించే కాగితాన్నే. దాన్ని ఫైలులో మొదటి పేజీగా పెట్టుకోండి.