కొలతల పుస్తకమా, ట్రాఫిక్ లెక్కల పుస్తకమా?

ప్రశ్న: ఆర్కిటెక్చర్ చివరి ఏడాది ప్రాజెక్టుగా బస్ టెర్మినల్ డిజైన్ చేస్తున్నాను. ఒక్క రిఫరెన్స్ పుస్తకం మాత్రమే కొనగలను. డిజైన్ కొలతలదా, ట్రాన్స్‌పోర్టేషన్ అనాలిసిస్‌దా?

జవాబు: మీ డ్రాయింగ్ ఎక్కడ ఆగిందో చూసుకోండి. ‘ఎంత వెడల్పు?’ అన్న దగ్గర ఆగితే మొదటిది, ‘ఎన్ని?’ అన్న దగ్గర ఆగితే రెండోది. టెర్మినల్‌లో చిక్కంతా ‘ఎన్ని’తోనే.

పార్కింగ్ గేటునే తీసుకోండి. లేన్ 3 మీటర్లు పెట్టమని కొలతల పుస్తకం చెబుతుంది. అక్కడితో దాని పని సరి. టికెట్ ఇచ్చి కారును వదలడానికి సగటున 12 సెకన్లు పడితే ఆ గేటు గంటకు 300 కార్లు పంపగలదు. గంటకు 240 వస్తే క్యూలో సగటున మూడు కార్లుంటాయి. 270 వస్తే? పెరిగింది ముప్ఫయ్యే కదా అనిపిస్తుంది. క్యూ మాత్రం ఎనిమిదికి చేరుతుంది. కారుకు 6 మీటర్ల చొప్పున దాదాపు 50 మీటర్లు, అదీ సగటే. గేటును రోడ్డుకు 15 మీటర్లలో గీశారా, మిగతా కార్లన్నీ రోడ్డు మీదే. కార్లు వచ్చే తీరులోనూ గేటు దగ్గర పట్టే సమయంలోనూ ఎగుడుదిగుడులు ఉంటాయనుకుని వేసే మామూలు క్యూయింగ్ లెక్క ఇది.

కాబట్టి అనాలిసిస్ పుస్తకమే కొనండి. అయితే క్యూయింగ్ అధ్యాయం, అంకెలతో చివరిదాకా చేసి చూపిన లెక్కలు ఉన్నదే తీసుకోండి. ఎన్ని ప్రయాణాలు పుడతాయన్న అంచనా (ట్రిప్ జనరేషన్) నుంచి అవి ఏ దారిలో వెళ్తాయన్న లెక్క (రూట్ అసైన్‌మెంట్) దాకా సాగే నాలుగు దశల మోడల్‌తోనే నిండిన పుస్తకం ఊరంతటి ప్లానింగ్‌కు పనికొస్తుంది, మీ గేటుకు కాదు.

రోడ్డు ఎంత ట్రాఫిక్ మోయగలదో లెక్కగట్టే అమెరికా పుస్తకం ‘హైవే కెపాసిటీ మాన్యువల్’ కొనమని ఎవరైనా చెప్పవచ్చు. 1950లో మొదలై 2022లో ఏడో ఎడిషన్‌కు వచ్చింది. మంచిదే గానీ, కొత్తగా నేర్చుకునేవారికి కొరుకుడు పడదు. పైగా దాని అంకెలు అమెరికా ట్రాఫిక్‌వి. బైకులు కార్ల సందుల్లోంచి దూరిపోయే రోడ్డుకు అవి యథాతథంగా నప్పవు. స్టాప్‌వాచ్ పట్టుకుని కొలుచుకోవాల్సిందే. 2010 ఎడిషన్ అయితే అడుగులు, మైళ్లలోనే ఉంటుంది. అందులోని 12 అడుగుల లేన్ అంటే 3.66 మీటర్లు.

కొలతల పుస్తకం లైబ్రరీలో చూసుకోండి. 1936లో మొదటిసారి వచ్చిన, జర్మన్ ఆర్కిటెక్ట్ నాయ్‌ఫెర్ట్ రాసిన కొలతల పుస్తకం పాత ఎడిషన్ దొరికినా మెట్లకూ బెంచీలకూ చాలు. వీల్‌చైర్ కొలతలు మాత్రం అందులోంచి ఎత్తి రాయకండి. అమల్లో ఉన్న నిబంధన చూసి, కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వృత్తం ప్రతి మలుపులోనూ పడుతోందో లేదో ప్లాన్ మీద గీసి చూడండి.