పాడ్‌కాస్ట్ పెడితే కడుపు నిండుతాదా?

ఆదోని నుంచి బట్టల షాపు నడిపే ఒకన్న రాసినాడు. కొడుకు కర్నూల్లో బీకాం ఫైనలియర్ అంట, ఎనిమిది వేలు పెట్టి మైకు కొన్నాడంట, ముందు ముందు కంపెనీలకీ గవర్నమెంటుకీ లీడర్లకీ అందరికీ పాడ్‌కాస్ట్, అంటే నెట్లో పెట్టే రేడియో లాంటి ప్రోగ్రాం, కావాల్సిందే నాన్నా అంటాండాడంట. ఇది పనా ఆటా, చదువు ఆపేస్తాడేమో అని ఆయన భయం.

అన్నా, మీవాడు చెప్పేది కొత్త మాటేం కాదు, ఇరవై ఏండ్ల కిందటే జరిగిపోయిన సంగతి. 2004లో ఎమ్‌టీవీలో పనిచేసిన ఆడమ్ కర్రీ అనే ఆయన రోజూ మాట్లాడి నెట్లో పెట్టడం మొదలుపెట్టినాడు, దానికి ముందే డేవ్ వైనర్ అని ఒకాయన వెబ్‌సైట్లో కొత్తగా ఏం పెట్టినా మనకి పంపే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే దానికి ఆడియో ఫైలు తగిలించే ఏర్పాటు చేసి పెట్టినాడు, అంటే పేపరోడు పొద్దున్నే గుమ్మంలో పేపరేసి పోయినట్టు ఒకసారి సబ్‌స్క్రైబ్ చేస్తే కొత్త ఎపిసోడ్ దానంతట అదే వచ్చి పడతాది. 2005 జూన్‌లో యాపిల్ వాళ్ళు పాటలు వినే తమ సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు పెట్టినారు, రెండే రోజుల్లో పది లక్షల సబ్‌స్క్రిప్షన్లు. ఆ ఏడాదే జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ సొంతంగా పాడ్‌కాస్ట్ పెట్టింది, పేపరోళ్ళు ఏం రాస్తారో అని చూడకుండా కస్టమర్‌తో నేరుగా మాట్లాడొచ్చు కదా. వైట్‌హౌస్ ఇంకా తెలివిగా చేసింది, ప్రెసిడెంటు వారం వారం రేడియోలో చెప్పే ప్రసంగాన్నే తెచ్చి ఫీడ్‌లో పెట్టేసింది, కొత్తగా పైసా ఖర్చు లేదు. 2004లో అమెరికా వైస్ ప్రెసిడెంటుగా నిలబడి ఓడిపోయిన జాన్ ఎడ్వర్డ్స్ కూడా 2005లోనే మొదలుపెట్టినాడు, పదవి లేనోనికి మైకు ఇంకా ఎక్కువ అవసరం మరి. నాసా వాళ్ళయితే ఆ ఏడాది ఆగస్టులో అంతరిక్షం నుంచే ఒకటి చేసినారు!

ఇదంతా ఎందుకు చెప్తాండానంటే, మన పక్కనే ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడోళ్ళు 2002లో మన రేడియో అని చిన్న స్టేషన్ పెట్టుకున్నారు, ఊరు దాటి వినపడేది కూడా కాదు, 2003లో లైసెన్సు లేదని మూయించినారు. సంఘాలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోడానికి కేంద్రం 2006 దాకా ఒప్పుకోనే లేదు. ఆ అక్కలకి చెప్పాల్సిన మాటుంది, వినే జనముండారు, లేనిదల్లా కాగితం. మీవాడికి ఆ కాగితంతో పనే లేదు, ఫోనుంటే చాలు. కానీ ఆ అక్కల దగ్గరుండింది వీడి దగ్గర ఉందా అనేదే నా అనుమానం. చెప్పేదేంది, ఎవరికి?

మైకు కొన్నోళ్ళందరూ మిగల్లేదు లేన్నా. అప్పుడు ఉత్సాహంగా మొదలుపెట్టినోళ్ళు చాలామంది కొన్ని ఎపిసోడ్లకే మూగబోయినారు. నిలబడినోళ్ళకి ముందే ఒక పని ఉండేది, కార్లమ్మడమో, ఓట్లడగడమో, పాఠం చెప్పడమో. పాడ్‌కాస్ట్ ఆ పనికి నోరు మాత్రమే. అందుకే బీకాం ఆపమని నేను చచ్చినా చెప్పను. వాడు చెప్పాల్సిన మాట ఆ చదువులోనే ఉంది, మామూలు షాపుకి జీఎస్టీ అంటే ఏంది, నోటీసొస్తే ఏం చెయ్యాల అని తెలుగులో పది నిమిషాల్లో అర్థమయ్యేట్టు చెప్పేవాళ్ళు మనవైపు ఎంతమందుండారు చెప్పండి?

డబ్బు సంగతికొస్తే, యాడ్స్ మీద బతుకుతా అంటే నమ్మొద్దు. ఆసుపత్రులకీ, కోచింగ్ సెంటర్లకీ, వ్యాపారస్తులకీ రికార్డింగు, ఎడిటింగు, స్క్రిప్టు చేసిపెడితే అక్కడ వస్తాది, అది కూడా చేతిలో చూపించడానికి నాలుగు మంచి ఎపిసోడ్లుంటేనే. లీడర్ల పని ఎలక్షన్లప్పుడు దండిగా దొరుకుతాది, ఆ తర్వాత ఫోనెత్తరు, పైగా మనవైపు ఒక పార్టీ ముద్ర పడితే ఎట్లుంటాదో మీకు నేను చెప్పాల్నా? మొదట్లో దాని జోలికి పోవద్దనండి. ఆకాశవాణికి కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా స్టేషన్లుండాయి, క్యాజువల్ అనౌన్సర్లకి ఆడిషన్ పిలిచినప్పుడు పోయి కూర్చోమనండి, సెలెక్ట్ కాకపోయినా ఉచ్చారణ యాడ తప్పుతాండాడో తెలిసొస్తాది. డిగ్రీ అయినాక కూడా ఈ పిచ్చి తగ్గకపోతే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ పీజీ ఉంది, ఎంట్రెన్స్ రాయాల.

ఇప్పటికి మాత్రం ఇంకో పైసా ఇవ్వొద్దన్నా. ఎడిటింగ్‌కి అడాసిటీ అని సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీ. వారానికొకటి లెక్కన ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటి పన్నెండు నిమిషాలు, ఒక్క వారం కూడా తప్పకుండా చెయ్యమనండి. ఐదో వారానికి సాకులు మొదలైతే మైకు అమ్మేసుకోవచ్చు. స్టూడియో కావాలంటాడేమో, ఒప్పుకోవద్దు, మీ గోడౌన్ కంటే మంచి స్టూడియో కర్నూల్లో కూడా దొరకదు, చుట్టూ బట్టల తానులు పేర్చి ఉంటే గొంతు గోడలకి కొట్టి తిరిగి రాదు, రికార్డింగు శుభ్రంగా వస్తాది. మొదటి ఎపిసోడ్‌లో మిమ్మల్నే కూర్చోబెట్టి ఉద్దెర ఎవరికిస్తారు, ఎవరికియ్యరు, పత్తి రేటు పడిపోయిన ఏడాది బాకీలు ఎట్లా వసూలు చేస్తారని అడగమనండి. మీరు మాత్రం వాడు అడిగిందానికే జవాబు చెప్పండన్నా, మధ్యలో పెండ్లి సంగతి ఎత్తొద్దు.